బడిపిల్లల పరీక్షలు – అయ్యవార్ల పంపకము

ఫాల్గుణమాసము వచ్చినదనగా అహోబిలమునకు జనము పోటెత్తును. దిగువ అహోబిలమున వాహనసేవలు, ఎగువ అహోబిలమునకు కొండదారి పట్టిన యాత్రికులు, ఆళ్ళగడ్డనుండి విరామము లేక తిరుగు బస్సులు, కొబ్బరికాయల అంగళ్లు, చెరకురసపు బండ్లు – ఆ దినములలో ఊరు ఊరుగా నుండదు. ఆ అంగళ్లలో తల్లిదండ్రులకు చేయాసరగా నిలుచు పిల్లలలో పదవ తరగతివారును గలరు. 2025వ సంవత్సరమున ఫాల్గుణ పౌర్ణమి మార్చి 14వ తేదిని వచ్చినది. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు 17వ తేదిని ప్రారంభమైనవి. నడుమ మిగిలినవి రెండే దినములు. దేవుని పంచాంగమును మార్చుట మనకు శక్యము కాదు. ప్రభుత్వపు పంచాంగము మాత్రము మనుష్యులు వ్రాసినదే. ఆ పంచాంగమున పిల్లవాని పరీక్షకెంత చోటున్నదో, వానికి చదువు చెప్పు అయ్యవారికెంత చోటున్నదో ఇంచుక విచారింపవలసి యున్నది.

ఫలితములు వెలువడిన దినమున పత్రికలన్నియు – అందు మా పత్రికకును మినహాయింపు లేదు – ఏ జిల్లా మొదటిదో, ఏ జిల్లా కడపటిదో పెద్ద అక్షరములతో ప్రకటించును. 2022లో నూటికి 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 వంతున పిల్లలు కృతార్థులైరి. ఈ అంకెలను చూచి ఒక యేడు సంతోషించుచున్నాము, మరుయేడు విచారించుచున్నాము. కాని కొలిచిన కొలపాత్ర యేదియని యడుగువారు తక్కువ. కరోనాకు పూర్వము పత్రములు పదకొండు. 2020, 2021 సంవత్సరములలో పరీక్షయే లేదు, అందరును ఉత్తీర్ణులే. 2022లో పత్రములు ఏడు, 2023లో ఆరు. గ్రేడులు పోయి మార్కులు మరల వచ్చినవి. బడిలో నిచ్చు ఇరువది అంతర్గత మార్కులు అంతకుముందే రద్దయినవి. ఒక యేడు కుంచముతోను, మరుయేడు మానికతోను, ఆపై యేడు కంటిచూపుతోను ధాన్యమును కొలిచి, పంట పెరిగినదనియు తరిగినదనియు తగవులాడు రైతును మన కళ్ళములలో ఎవరైన చూచితిరా? అట్టి రైతు లేడు. అట్టి ప్రభుత్వ శాఖ మాత్రము గలదు.

ఇది నేటి వ్యాధి కాదు. చెన్నపురి రాజధానిలో విద్యాశాఖ 1855లో ఏర్పడినది. అర్బత్నాట్ దొర దానికి మొదటి డైరెక్టరు. ఆ శాఖ 1868 మొదలు 1906 వరకు ‘ఫలితములనుబట్టి గ్రాంటు’ అను పద్ధతిని నడపెను. ఇన్‌స్పెక్టరు సంవత్సరమున కొకసారి వచ్చి, పిల్లలను వరుసగా నిలువబెట్టి, చదివించి, వ్రాయించి, లెక్కలు చేయించును. ఎందరు సరిగా చెప్పిరో దానినిబట్టి బడికి పైకము. పిల్లవాడు తడబడిన అయ్యవారి యింట గింజలు తరుగును. ఇట్టి ఏర్పాటున అయ్యవార్లు ఏమి చేయుదురో ఊహించుట కష్టము కాదు: ఇన్‌స్పెక్టరు అడుగునదే చెప్పిరి, అడుగనిది మానిరి, మందబుద్ధి గలవానిని ఆ దినమున ఇంటనే యుండుమనిరి. దాదాపు నలుబది యేండ్ల అనుభవము గడచినగాని ఆ పద్ధతి తప్పని శాఖవారికి తోచలేదు. పిదప 1911 ప్రాంతమున వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతిలో పబ్లిక్ పరీక్షతోపాటు బడిలో సంపాదించిన మార్కులుగూడ సర్టిఫికేటు పుస్తకమున నెక్కించుచుండిరి. ఒక ఉదయపు మూడు గంటలు చూచి పిల్లవానిని తీర్పరాదనునది ఆనాటి ఉద్దేశము. ఇరువది అంతర్గత మార్కులను క్రొత్తవింతగా తెచ్చి, మరల క్రొత్త సంస్కారముగా తీసివేసిన వారికి ఈ చరిత్ర తెలియదని మేము తలంచుట లేదు. తెలిసియు అక్కరకు రాలేదనియే మా యభిప్రాయము.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఈ విషయమున ఒక మంచిమాట చెప్పినది. పిల్లవానిని నిరంతరముగా, సమగ్రముగా గమనించుచు, వాని యెరుకను ఎప్పటికప్పుడు తెలిసికొనవలెనని దాని శాసనము. దానినుండి మన రాష్ట్రమున సంవత్సరమునకు నాలుగు నిర్మాణాత్మక పరీక్షలును, రెండు సంగ్రహణాత్మక పరీక్షలును ఏర్పడినవి. పేర్లు బరువైనవి, భావము మాత్రము మన ఆళ్ళగడ్డ శిల్పులకు పసితనమునుండి తెలిసినదే. రాతికి ఉలి పెట్టుటకు ముందు దానిపై సుత్తితో మెల్లగా తట్టి, మ్రోత విని, ఎచట పగులున్నదో వారు కనుగొందురు. ఆ తట్టుట రాతికి శిక్ష కాదు, శిల్పికి ఎరుక. చిన్నపరీక్ష అట్టిదే. పిల్లవానికి భాగహారమున ఎచట పట్టు తప్పినదో అయ్యవారికి తెలియవలెను. తెలిసిన మరుదినమున ఆ చోటనే మరల చెప్పవలెను. ఆ ‘మరుదినము’ లేనిచో పరీక్ష యెంత చక్కనిదైనను వట్టి కొట్టుడే.

ఆచరణలో జరిగిన దేమి? ప్రశ్నపత్రము రాష్ట్రమంతటికి ఒక్కటే అయ్యెను. 2022లో చిన్నతరగతుల పిల్లలచేతికిగూడ ఓఎంఆర్ పత్రములను ఇచ్చి గడులు నింపుమనిరి. పలకపై దిద్దిన వ్రేళ్ళు యంత్రమునకు కావలసిన గుండ్రములు దిద్దినవి. మార్కులు యాప్‌లో ఎక్కించుటకు గడువు, గడువు దాటినవారికి సంజాయిషీ. మార్కులు మీదికి పోయినవి. మండలమునకు, జిల్లాకు, అమరావతికి పోయినవి. క్రిందికి తిరిగివచ్చిన దేమని అయ్యవార్ల నడిగినచో వారి చిరునవ్వే ప్రత్యుత్తరము.

అయినను న్యాయముగా చెప్పవలసినది చెప్పుదుము. 2025–26 విద్యాసంవత్సరమున శాఖవారు తెచ్చిన పరీక్షాపుస్తకముల పద్ధతి మాకు నచ్చినది. విడివిడి కాగితములకు బదులు సంవత్సరపు పరీక్షలన్నియు ఒక్క పుస్తకముననే వ్రాయించి దానిని బడిలోనే భద్రపరచుదురు. ఆగస్టులో తప్పినది అక్టోబరులో దిద్దుకొనెనా, డిసెంబరులో మరల తప్పెనా యనునది పుట త్రిప్పినచో కనబడును. చదువురాని తల్లికిగూడ ఎఱ్ఱసిరా గుర్తులు తెలియును. 2024 డిసెంబరు 7వ తేదిని రాష్ట్రమంతట ఒకేదినమున జరిపిన తల్లిదండ్రుల–ఉపాధ్యాయుల మహాసమావేశములును, 2025 జూలైలో మరల జరిపినవియు, ఉత్సవముల హంగు తీసివేసి చూచినను, మంచి అలవాటునకు ఆరంభములే.

అయితే పుస్తకము నిలుచుట వేరు, దానిని దిద్దిన అయ్యవారు నిలుచుట వేరు. శాఖవారి రెండవ వ్యాపకము ఇచటనే అడ్డువచ్చుచున్నది. 2022 జూన్ 10వ తేదిని వెలువడిన 117వ నంబరు జి.ఓ. పాఠశాలలను ఆరు తెగలుగా విభజించి, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను చేరువనున్న ఉన్నత పాఠశాలలకు పంపెను. మూడేండ్లు తిరుగకముందే, 2025లో, అది రద్దయి తొమ్మిది తెగల పాఠశాలలు వచ్చినవి. పోయిన తరగతులు తిరిగి వచ్చినవి. తెగలు మారినప్పుడెల్ల కొలువులు మిగులుట, చాలకుండుట, సర్దుబాటు, బదిలీ. 2025 మార్చిలో ఉపాధ్యాయుల బదిలీలకై ఒక చట్టమే చేసిరి. రాజకీయ సిఫారసుల పీడ తగ్గించు ఉద్దేశమును మేము మెచ్చుచున్నాము. ఆ యేడే మెగా డీఎస్సీ పేర 16,347 కొలువులకు ప్రకటన చేసి, సెప్టెంబరులో సుమారు పదియారువేల మందికి నియామకపత్రములిచ్చిరి. ఇది చిన్నపని కాదు. కాని క్రొత్త అయ్యవార్లు బడులకు చేరునప్పటికి అక్టోబరు. జూన్‌లో పాతవారు బదిలీపై వెడలినచోట, మొదటి పరీక్షను దిద్దినవారొకరు, దాని ఫలితమును చూచి పాఠము చెప్పవలసినవారు మరియొకరు.

బదిలీల నియమములలో ఒక చమత్కారము గలదు. పట్టణమునకు దూరముగ, రాకపోకలు కష్టమైనచోట పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు ఇత్తురు. న్యాయమే. కాని ఆ పాయింట్లతో ఆ అయ్యవారు చేయునదేమి? నంద్యాలకో, ఆళ్ళగడ్డకో చేరువైన బడిని కోరుకొనుట. అనగా అడవియంచు పల్లెలో ఓర్పుతో నిలిచినందుకు బహుమానము ఆ పల్లెను విడిచిపోవు హక్కు. నిలిచియుండువానికి బహుమానము మాత్రము ఏర్పరచినవారు లేరు.

ఇక ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2024–25లో దేశమున ఒక్క ఉపాధ్యాయుడే గల పాఠశాలలు 1,04,125. అందు మన ఆంధ్రప్రదేశమునవి 12,912. దేశమున మనదే మొదటి స్థానము. ఇట్టి ప్రథమస్థానమునకు పెద్ద అక్షరములు పెట్టిన పత్రిక తక్కువ. విద్యాహక్కు చట్టపు అనుబంధమున అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. ఇరువదిమందికి లోపు పిల్లలున్నచోట ఒక్కరే చాలునని మన రాష్ట్రపు కొలత. ఖజానా లెక్కకు అది సులువు. కాని తరగతులు ఐదు. పిల్లలు ఇరువదియైనను ఐదు తరగతులు ఐదే.

అట్టి బడిలో ఒక దినమెట్లు గడచునో పాఠకులు మనస్సున నూహింపుడు. పిల్లల హాజరును యాప్‌లో వేయవలెను. మధ్యాహ్నభోజనపు లెక్క వ్రాయవలెను. ఒకటవ తరగతివానికి అక్షరము దిద్దించుచుండగా ఐదవ తరగతి పిల్ల భిన్నముల యొద్ద ఆగిపోవును. పరీక్షాదినమున ఐదు తరగతులకు ఐదు విధముల పత్రములు పంచి, చదువనేరని చిన్నవారికి ప్రశ్నలు తానే చదివి వినిపింపవలెను. వాని గొంతు విని రెండవ తరగతివాడు తన పత్రమున ఒకటవ తరగతి జవాబు వ్రాయును. సాయంకాలము దిద్దవలెను, రాత్రి మార్కులు ఎక్కింపవలెను, అదియు సెల్‌ఫోనుకు సంకేతము అందినప్పుడు. క్లస్టరు సమావేశమునకో శిక్షణకో పిలుపు వచ్చిన దినమున బడికి తాళమే. ఇట్టి అయ్యవారి పిల్లల మార్కులను నంద్యాల వీధిలోని బడిపిల్లల మార్కులతో ఒకే పట్టికలో పెట్టి, ఎఱుపు, పసుపు, పచ్చ రంగులు పూయుట సరికాదు.

ఈ అయ్యవారి మంచిచెడ్డలు చూడవలసిన వారెవరు? మండలములు 1985లో ఏర్పడిన పిదప మండల విద్యాధికారి పదవి వచ్చినది. 2022లో మండలమునకు రెండవ అధికారినిగూడ మంజూరు చేసిరి. కాగితముపై వరుస బాగున్నది: డైరెక్టరు, ప్రాంతీయ సంయుక్త డైరెక్టరు, జిల్లా విద్యాధికారి, ఉప విద్యాధికారి, మండల విద్యాధికారి. కాని ప్రభుత్వోపాధ్యాయులకును, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకును ఉమ్మడి సర్వీసు నిబంధనల తగవు దశాబ్దములుగా న్యాయస్థానముల చుట్టు తిరిగినందున, మధ్యనున్న పదవులు పెక్కేండ్లు ఇన్‌చార్జీల చేతులలోనే నడచినవి. తన ఉన్నతపాఠశాలను నడపుకొనుచు మండలమంతటి బడులను తనిఖీ చేయుమన్నచో ఏ హెడ్మాస్టరు చేయగలడు? అహోబిల నరసింహస్వామి కనుమనాడు పారువేటకు బయలుదేరి, సుమారు నలువది దినములు ముప్పదికి పైగా గ్రామములు తిరిగి, తన పెండ్లికి ప్రజలను తానే పిలిచి వచ్చును. దేవునికి తీరిన తీరిక అధికారికి తీరుట లేదు.

చెంచుల పిల్లల విషయము వేరుగా చెప్పవలయును. నల్లమల గూడెములలో కొన్ని బడులు గిరిజన సంక్షేమశాఖవారివి, కొన్ని పరిషత్తువి. రెండు శాఖలు, రెండు బదిలీ పట్టికలు. ఒక బడినుండి మరియొక బడికి మారిన పిల్లవాని పరీక్షాపుస్తకము వానివెంట పోవునా, పాతబడి పెట్టెలో మిగులునా? ఎండకాలమున తేనె, చింతపండు, జిగురు ఏరుటకు పెద్దలతో అడవికి పోవు పిల్లవానికి ఏప్రిల్‌నాటి వార్షికపరీక్ష ఏమి కొలుచును? వాని తెలివినా, వాని తండ్రి దారిద్ర్యమునా? చెట్టు, పిట్ట, అడుగుజాడ – వీనిలో వానికిగల ఎరుకను ఏ పత్రమును అడుగదు.

చిన్నబడిలో దిద్దుబాటు లోపించినట్లే పెద్ద పరీక్షలోను లోపించినదని 2025 ఫలితములు చూపినవి. పునఃపరిశీలనకు పంపిన జవాబుపత్రములలో వేలసంఖ్యలో మార్కులు మారినవి; కొందరు పరీక్షకులను సస్పెండు చేసిరి. తక్కిన పాఠములన్నిటను తొంబదికి పైగా తెచ్చుకొన్న పిల్ల ఒక్కదానిలో తప్పిపోయినట్లు ప్రకటింపబడి, తిరిగి చూచినప్పుడు అందును తొంబది దాటిన వార్త పాఠకులకు జ్ఞప్తియందున్నదే. రుసుము చెల్లించి అడుగగలిగిన వారికి న్యాయము దొరకినది. అడుగవచ్చునని తెలియనివారి పత్రములు కట్టలలోనే యున్నవి.

శాఖవారిని మేము కోరునవి గొప్పవి కావు. పాఠశాలల తెగలను, పరీక్షల తీరును ఒక అయిదేండ్లు కదలింపకుండవలెను. చట్టము చెప్పిన ఇద్దరు ఉపాధ్యాయులను ముందుగా అడవియంచు పల్లెలకు ఇచ్చి, అచట నిలిచినవారికి నిలిచినందుకే జీతమున కొంత హెచ్చు చేయవలెను. విద్యాసంవత్సరపు నడుమ ఎవ్వరిని కదపరాదు. బడినుండి పైకి పోయిన ప్రతి మార్కుల పట్టికయు పదునైదు దినములలో, ఏ పాఠము మరల చెప్పవలెనో వ్రాసికొని, ఆ అయ్యవారికే తిరిగి రావలెను.

భూములు గలవారికి, పట్టణములలో పలుకుబడి గలవారికి చేయదగినది కొంత కలదు. తమ పిల్లలు ప్రైవేటు బడులలో చదువుచున్నను, ఊరిబడి ఊరిదే. ప్రతి బడికిని చట్టము తల్లిదండ్రుల యాజమాన్య కమిటీ నొకదానిని ఏర్పరచినది; దాని సమావేశములు కొన్నిచోట్ల సంతకములతోనే ముగియుచున్నవి. రాబోవు సమావేశమునాడు ఊరిపెద్దలు ఆ తల్లిదండ్రుల వెంట పోయి, పరీక్షాపుస్తకములు బల్లమీద పెట్టించి, ఒక్కొక్క పిల్లవాని విషయమున రెండే ప్రశ్నలడిగింపవలెను: ఆగస్టులో తప్పిన లెక్కను ఈ పిల్లవాడు ఇప్పుడు చేయగలడా? ఆగస్టులో దానిని దిద్దిన అయ్యవారు ఇప్పుడీ బడిలో ఉన్నారా? వచ్చిన జవాబులను ఆ దినమే కమిటీ పుస్తకమున నెక్కించి, నకలు మండల విద్యాధికారికి పంపవలెను.