గాత్రదానం – పునర్వినియోగ పారితోషికం: ప్రదర్శకుల హక్కుల పరిశీలన

తెరమీది నటునికి మరొకరు గొంతు ఇవ్వడాన్ని తెలుగులో గాత్రదానం అంటున్నాం. దానమిచ్చినది తిరిగి అడగరాదన్నది లోకరీతి. చిత్రపరిశ్రమ లెక్కలు కూడా దాదాపు ఆ రీతిలోనే నడిచాయి. సుమన్, రాజశేఖర్‌ల పాత్రలకు సాయికుమార్ గొంతును, ‘అరుంధతి’ (2009) ప్రతినాయకునికి రవిశంకర్ గొంతును ప్రేక్షకులు విడదీసి ఊహించలేరు. నంది పురస్కారాలలో డబ్బింగ్ కళాకారులకు ప్రత్యేక విభాగమే ఉండేది. గౌరవం దక్కింది. ప్రతిఫలం మాత్రం సాధారణంగా ఒక్కసారి చెల్లింపుతో ముగుస్తుంది. అదే చిత్రం టెలివిజన్‌లో, ఓటీటీలో ఎంత ఆర్జించినా గాత్రదాతకు అందులో వాటా ఉండదు.

చట్టం ఇంత కఠినంగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకుల హక్కులను చేర్చగా, 2012 సవరణ వాటిని విస్తరించింది. సెక్షన్ 38ఎ ప్రకారం చిత్రంలో తన ప్రదర్శనను చేర్చడానికి లిఖితపూర్వకంగా అంగీకరించిన ప్రదర్శకుడు, వేరే ఒప్పందం లేకపోతే, అదే చిత్రంలో నిర్మాత వినియోగానికి అభ్యంతరం చెప్పలేడు. అయినా వాణిజ్య వినియోగంపై రాయల్టీకి అర్హుడే. స్టూడియోలో రికార్డు చేసినది ‘ప్రత్యక్ష’ ప్రదర్శన అవుతుందా అన్న సందేహాన్ని ఢిల్లీ హైకోర్టు 2006లో నేహా భసీన్ కేసులో తీర్చింది: ఏ ప్రదర్శనైనా తొలుత ప్రత్యక్షమే.

మరి అడ్డంకి ఎక్కడ? ప్రదర్శకుని నిర్వచనానికి జోడించిన మినహాయింపును సరిగా చదవాలి. చిత్రంలో ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు కూడా ఎక్కడా వేయకపోతే, ఆ వ్యక్తి రాయల్టీకి సంబంధించినంతవరకు ప్రదర్శకుడే కాడు. నాయకునికి గొంతు ఇచ్చినవారిని ఇది తాకదు. చిన్న పాత్రలకు, గుంపు సన్నివేశాలకు గొంతు ఇచ్చేవారికి మాత్రం టైటిల్స్‌లో పేరు పడటం కీర్తికి సంబంధించిన విషయం కాదు, హక్కుకు సాక్ష్యం. పేరు వేయకపోవడమే ఆనవాయితీగా మార్చిన పరిశ్రమకు ఆ ఆనవాయితీయే రక్షణ కావడం ఈ నిబంధనలోని పెద్ద లోపం.

కృత్రిమ మేధ ఈ ప్రశ్నను మరింత జటిలం చేసింది. సెక్షన్ 38ఎలోని ‘అదే చిత్రం’ అన్న మాట ఇక్కడ కీలకం. పాత రికార్డింగుతో యంత్రానికి శిక్షణ ఇవ్వడం అదే చిత్రంలో వినియోగం కాదు. కనుక నాటి అంగీకారం దానికి వర్తించదని వాదించవచ్చు. పైగా ఒప్పందం నాటికి లేని వినియోగ మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొనకపోతే హక్కుల బదిలీ దానికి వర్తించదని సెక్షన్ 18 చెబుతోంది. సెక్షన్ 39ఎ దానిని తగిన మార్పులతో ప్రదర్శకులకూ వర్తింపజేసింది. ‘ఇకముందు కనుగొనబోయే సమస్త మాధ్యమాలు’ అని గంపగుత్తగా రాస్తే అది ప్రత్యేక ప్రస్తావన అవుతుందనడం కష్టం.

యంత్రం కొత్తగా పలికే వాక్యం మాత్రం పాత ప్రదర్శనకు నకలు కాదు. అక్కడ వ్యక్తిత్వ హక్కులే ఆధారం. గాయకుడు అరిజిత్ సింగ్ కేసులో 2024లో బొంబాయి హైకోర్టు స్వరానుకరణ సాధనాలకు వ్యతిరేకంగా మధ్యంతర రక్షణ ఇచ్చింది. కానీ ఆ రక్షణకు ప్రసిద్ధే పునాది. గొంతు అందరికీ తెలిసి, పేరు ఎవరికీ తెలియని గాత్రదాత ఆ ప్రసిద్ధిని నిరూపించుకోవలసి వస్తే, మళ్ళీ టైటిల్స్ దగ్గరికే రావాలి.