కొండలు టోర్నడోను ఆపగలవా?

వేసవి మధ్యాహ్నమున ఎండిన పొలములలో దుమ్మును, ఎండుటాకులను చుట్టి పైకి లేపు సుడిగాలిని చూడనివారు తెలుగునాట అరుదు. నేల బాగుగ వేడెక్కుటవలన అది నేలమీద పుట్టి పైకి లేచును, కొద్దిసేపటిలో చెదరిపోవును, దానివలన పెద్ద నష్టము కలుగదు. టోర్నడో కూడ సుడిగాలియే. కాని దాని పుట్టుక వేరు, బలము వేరు. అది మేఘములో పుట్టి నేలకు దిగును. ఈ భేదమును గ్రహించినచో, కొండల నడుమ నివసించువారు తరతరములుగ నమ్మిన ఒక విషయము ఎంత ప్రమాదకరమైనదో తెలియును.

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పుభాగమున అపలాచియన్ పర్వతశ్రేణి కలదు. అందలి ఇరుకు లోయలలో బొగ్గుగనుల పనివారు, చిన్నరైతులు ఊళ్లు కట్టుకొనిరి. టోర్నడోలు మైదానములకే వచ్చుననియు, తమ కొండలు వాటిని విరిచివేయుననియు అక్కడ పలువురు నమ్మిరి. 1944 జూన్ 23వ తేదీ సాయంకాలమున పశ్చిమ వర్జీనియా రాష్ట్రములోని షిన్‌స్టన్ ప్రాంతమును ఒక టోర్నడో తాకెను. అది కొండలెక్కి దిగుచు సాగిపోయెను. 100 మందికి పైగ మరణించిరి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత ప్రాణనష్టము కలిగించిన టోర్నడో మరియొకటి లేదు.

టోర్నడో పుట్టుక

మెక్సికో సింధుశాఖ మీదుగ వచ్చు వెచ్చని తేమగాలి నేలకు దగ్గరగ వ్యాపించును. దానిపైన చల్లని పొడిగాలి వీచును. వెచ్చని గాలి తేలిక గనుక వేగముగ పైకి లేచి, 10 మొదలు 15 కిలోమీటర్ల ఎత్తువరకు పెరుగు ఉరుముమేఘమును ఏర్పరచును. అదే సమయమున నేలదగ్గర గాలి మెల్లగ ఒక దిక్కునకు, పైన వేగముగ వేరొక దిక్కునకు వీచుచుండినచో, ఆ రెండు పొరల నడుమనున్న గాలి, అరచేతుల మధ్య నలుపబడు పుల్లవలె, అడ్డముగ దొర్లును. పైకి లేచు గాలిప్రవాహము ఈ దొర్లుచున్న గాలిని ఎత్తి నిలువుగ నిలుపును. అప్పుడు మేఘములోని గాలియే తిరుగనారంభించును. ఆ తిరుగుడు ఇరుకై నేలవరకు దిగినపుడు దాని వేగము మిక్కిలి హెచ్చును. తిరుగుడు పీటపై చేతులు చాచి తిరుగు విద్యార్థి చేతులు ముడుచుకొనినచో అతని వేగము హెచ్చును. ఇదియు అట్టిదే.

దీనిని తుపానుతో కలిపి చూడరాదు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుపాను సముద్రముపై పుట్టి, వందల కిలోమీటర్ల మేర వ్యాపించి, దినముల తరబడి సాగెను. టోర్నడో వెడల్పు సాధారణముగ కొన్ని వందల మీటర్లకు మించదు. దాని ఆయుర్దాయము నిమిషములలో లెక్కింపబడును.

కొండ ఎంత, మేఘమెంత?

అపలాచియన్ శ్రేణిలో అత్యున్నతమైన మిచెల్ శిఖరము ఎత్తు 2,037 మీటర్లు. ఊళ్ల నంటియుండు గుట్టలు అంతకంటె ఎంతో చిన్నవి. 10 కిలోమీటర్లకు మించిన మేఘమునకు ఇవి అడ్డుగోడలు కాజాలవు. తిరుగుచున్న మేఘము కొండ దాటినపుడు టోర్నడోయు దానితోపాటు దాటగలదు.

దీనికి గొప్ప నిదర్శనము 1987 జులై 21న వయోమింగ్ రాష్ట్రమున కనబడెను. ఒక బలమైన టోర్నడో సుమారు 3,000 మీటర్ల ఎత్తున పర్వతములను దాటి, దాదాపు 39 కిలోమీటర్లు సాగి, అడవిలో సుమారు 10 లక్షల చెట్లను కూల్చెను. అచట జనావాసములు లేనందున ప్రాణనష్టము కలుగలేదు. చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫుజితా కూలిన చెట్లు పడిన తీరును పరిశీలించి ఆ సుడిగాలి నడకను వివరించెను.

ఐతే ప్రజల నమ్మకమునకు కొంత ఆధారము లేకపోలేదు. ఎత్తైన చోట్ల గాలి చల్లగ, పొడిగ నుండుటవలన కొండసీమలలో టోర్నడోలు మైదానములలోకంటె తక్కువ. కాని అరుదుగ వచ్చుట వేరు, రాకపోవుట వేరు.

నష్టము కలుగు విధము

గాలి వస్తువును నెట్టు బలము దాని వేగము యొక్క వర్గమును బట్టి హెచ్చును. గంటకు 50 కిలోమీటర్ల గాలికంటె 250 కిలోమీటర్ల గాలి వేగము 5 రెట్లు. బలము 25 రెట్లు. పైకప్పుమీదుగ వేగముగ పోవు గాలి కప్పును పైకి పీల్చును. పగిలిన కిటికీలగుండ చొరబడిన గాలి లోపలినుండి నెట్టును. కప్పు లేచిన పిదప గోడలు పడిపోవును. కిటికీలు తెరచి ఉంచినచో ఇల్లు నిలుచునని పూర్వము చెప్పెడివారు; అది పొరపాటు. విరిగి ఎగురు కొయ్యలు, రేకులు, గాజుపెంకులే మనుష్యులను ఎక్కువగ గాయపరచును.

2012 మార్చి 2న కెంటకీ రాష్ట్ర పర్వతప్రాంతములోని వెస్ట్ లిబర్టీ పట్టణ మధ్యభాగమును ఒక టోర్నడో ధ్వంసము చేసెను. అదే దినమున సమీపములోని సేలియర్స్‌విల్ కూడ మరియొక టోర్నడోకు గురియయ్యెను. నష్టమును బట్టి 0 మొదలు 5 వరకు టోర్నడోల బలమును లెక్కించు సవరించిన ఫుజితా మానములో ఈ రెండును 3వ తరగతికి చెందినవి.

ఇట్టి ఊళ్లకు కొండలు రక్షణ నీయకపోగా కష్టములను పెంచును. మైదానమున దూరమునుండియే కనబడు గాలిస్తంభము లోయలో గుట్టచాటున నుండి దగ్గరకు వచ్చువరకు కనబడదు. రాడారు కిరణములకు కొండలు అడ్డువచ్చుటచే మేఘము క్రిందిభాగము కొన్ని చోట్ల మరుగుపడును. ఇండ్లు వాగువెంట దూరదూరముగ నుండును. వానికి తరచు ఒకటే దారి. చెట్లు, కరెంటు స్తంభములు దానికి అడ్డముగ పడినచో సహాయకులు త్వరగ చేరలేరు. అనేక పేదకుటుంబములు వాహనముతో లాగి తెచ్చి నిలిపిన తేలికపాటి ఇండ్లలో నివసించును. పునాదిలేని ఆ ఇండ్లు త్వరగ దొర్లిపోవును.

రక్షణ

1944లో షిన్‌స్టన్ ప్రజలకు టోర్నడో వచ్చుచున్నదని ముందుగ తెలుపు ఏర్పాటు లేదు. టోర్నడో రాకను శాస్త్రీయముగ ముందు చెప్పి సఫలులగుట 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరమున మొదటిసారి జరిగెను. నేడు రాడారు, రేడియో, సెల్‌ఫోనులద్వార హెచ్చరికలు అందుచున్నవి. ఐనను చేతికి చిక్కు సమయము తరచు కొన్ని నిమిషములే. ఆ నిమిషములలో నేలమాళిగకు గాని, ఇంటి అడుగు అంతస్తులో కిటికీలులేని లోపలి గదికి గాని చేరవలెను. తేలికపాటి ఇండ్లలోనివారు ముందే వెలుపలికి వచ్చి గట్టి కట్టడమునకు పోవలెను. కూరగాయలు నిలువచేయుటకై కొండవాలులో త్రవ్విన పాతకాలపు నేలకొట్లు కొన్ని ఇండ్లకు కలవు. గట్టిగనున్నచో అవియు ఆశ్రయము కాగలవు.

కొండ ఆపునని నమ్మినవాడు హెచ్చరిక విన్నను కదలడు. ఆ నమ్మకము వలన వ్యర్థమగునది ఆ కొద్ది నిమిషములే. మేఘము ఎత్తును, కొండ ఎత్తును బల్లపై ఒకే కొలతలో గీసి చూపినచో, బడి పిల్లవాడైనను ఈ సంగతిని గ్రహించి ఇంటివారికి చెప్పగలడు.