టూర్‌కు చిన్న స్టవ్ కొంటున్నారా? ఎట్ల పోతున్నరో ముందు చూసుకోండి

మంచిర్యాల నుంచి జియారత్‌కో, జన్నారం వైపు పిక్నిక్‌కో కుటుంబంతో పోయేటప్పుడు చాయ్‌కి, పిల్లల పాలకి చిన్న స్టవ్ ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఏది కొనాలన్నది ప్రయాణాన్ని బట్టే ఉంటుంది.

రైలైతే: స్టవ్ వద్దే వద్దు. గ్యాస్, కిరోసిన్ తీసుకుపోతే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల బోగీ కాలి 9 మంది చనిపోయారు. కారణం దొంగచాటుగా తెచ్చిన సిలిండరే. ఫ్లాస్క్‌లో వేడినీళ్లు చాలు.

సొంత బండైతే: బ్యూటేన్ క్యాన్ పెట్టే సింగిల్ బర్నర్ స్టవ్ తేలిక. కానీ పెద్ద దేగ్చా పెట్టొద్దు, వేడి క్యాన్‌కు తగిలి పేలొచ్చు. వాడినంక క్యాన్ తీసేయండి, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. గడ్డకట్టే చలిలో బ్యూటేన్ సరిగ్గా మండదు.

రాత్రి ఆగితే: టెంట్, కారు, మూసిన గదిలో గ్యాస్ స్టవ్ గానీ బొగ్గు పొయ్యి గానీ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కవ్వాల్ అడవి లోపల మాత్రం నిప్పు జోలికే పోవద్దు. వంట ఇంట్లోనే చేసుకొని టిఫిన్ కట్టుకుపోవడం మేలు.