నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే యంత్రం

బోల్టు బిగుసుకుపోవడానికి ప్రధాన కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం బాగా పెరుగుతుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ నడుమ ఉండే సన్నని సందును ఆ తుప్పు పూడ్చేసి రెంటినీ పట్టేస్తుంది. అల్యూమినియం ఇంజన్‌లో బిగించిన ఉక్కు బోల్టు దగ్గర తేమ చేరితే రెండు లోహాల మధ్య విద్యుద్రసాయన చర్య మొదలై అల్యూమినియం క్షయమవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మరలైతే తుప్పుతో పనిలేకుండా, బిగించేటప్పుడే ఒరుసుకుని అతుక్కుపోతాయి.

ఇలాంటి బోల్టుకు మొదట సందుల్లోకి ఇంకే నూనె పోసి నాననిస్తారు. తరువాత సుత్తితో తట్టి తుప్పు పట్టును సడలిస్తారు. అప్పటికీ కదలకపోతే నట్టును వేడిచేస్తారు. నట్టు బోల్టు కంటే ముందుగా వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. బోల్టు తల విరిగిపోతే, మిగిలిన ముక్క నడుమ డ్రిల్‌తో రంధ్రం చేసి ఎడమ మరలున్న ఎక్స్‌ట్రాక్టర్‌ను దించుతారు. విప్పే దిశలో తిప్పేకొద్దీ అది మరింత లోపలికి దిగి, ముక్కను గట్టిగా పట్టి బయటికి తిప్పుతుంది. ముక్క పైకి కనిపిస్తుంటే దాని మీద ఒక నట్టును వెల్డింగ్ చేసి, పానాతో తిప్పి తీయడం కూడా ఉంది.

అసలు చిక్కు ఎక్స్‌ట్రాక్టరో, మరలు కోసే ట్యాపో రంధ్రంలోనే విరిగినప్పుడు వస్తుంది. రెండూ గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. మామూలు డ్రిల్ బిట్టుకు అవి తెగవు. బలవంతం చేస్తే బిట్టు పక్కకు జారి చుట్టూ ఉన్న మెత్తని లోహాన్ని పాడుచేస్తుంది. ఎంతో ఖర్చుతో తయారైన భాగం, చివరి రంధ్రానికి మర కోస్తుండగా ట్యాపు విరగడం వల్ల పనికిరాకుండా పోవచ్చు.

దీనికి పరిష్కారం మరింత గట్టి పనిముట్టు రూపంలో రాలేదు. విద్యుత్ రవ్వ లోహపు తలాన్ని తింటుందని ఆంగ్ల శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ 18వ శతాబ్దంలోనే గమనించాడు. చాలా కాలం అది విద్యుత్ పరికరాల లోపంగానే మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ శాస్త్రవేత్తలు, భార్యాభర్తలు అయిన బోరిస్, నతాలియా లజరెంకోలు విద్యుత్ కాంటాక్టుల అరుగుదలను అరికట్టే పని మీద ఉన్నారు. కాంటాక్టులను నూనెలో ముంచి చూస్తే రవ్వలు క్రమబద్ధంగా వచ్చాయి, అరుగుదల ఊహకు అందేలా సాగింది. ఆపలేకపోయిన అరుగుదలతోనే లోహాన్ని కోయవచ్చని వారు 1943లో చూపారు. కెపాసిటర్ నిండి, ఒక్కసారిగా ఖాళీ అయి, మళ్లీ నిండే వారి సర్క్యూట్ తొలి యంత్రాలకు ఆధారమైంది.

అదే దశాబ్దంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ విడిగా ఇదే దారికి వచ్చారు. వారి అవసరం సూటిగా ట్యాపులదే: అల్యూమినియం పోతల్లో విరిగి చిక్కుకున్న డ్రిల్‌లనూ ట్యాపులనూ తీయడానికి రవ్వను వాడారు. కరిగిన లోహపు నలుసులను నీటితో కడిగేస్తూ, రవ్వ తనంతట తాను ఆగి మళ్లీ పుట్టే ఏర్పాటు చేశారు.

ఇలా రవ్వలతో లోహాన్ని తొలిచే స్పార్క్ ఎరోజన్ యంత్రంలో రాగి, ఇత్తడి లేదా గ్రాఫైట్ ఎలక్ట్రోడును తొలచాల్సిన లోహానికి తగలకుండా, అతి చేరువలో నిలుపుతారు. నడుమ కిరసనాయిలు వంటి, విద్యుత్తును పోనివ్వని ద్రవం ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు దాటగానే ద్రవం ఒక బిందువు దగ్గర నిరోధం కోల్పోయి రవ్వ దూకుతుంది. క్షణంలో అతి స్వల్ప భాగం పాటే ఉన్నా, అక్కడి ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు చేరుతుంది. చుక్కంత లోహం కరిగి ఆవిరై సూక్ష్మమైన గుంత పడుతుంది. ద్రవం ఆ నలుసులను కడిగేస్తుంది. సెకనుకు వేల రవ్వలతో ఎలక్ట్రోడు ఆకారమే లోహంలో దిగుతుంది. లోహం ఎంత గట్టిదన్నది ఇక్కడ పట్టింపు కాదు. అది విద్యుత్ వాహకమైతే చాలు.

విరిగిన ట్యాపును తీయాలంటే మొత్తం కాల్చనక్కర్లేదు. నిలువు గాడుల మధ్య ఉండే దాని నడిమి దిమ్మెను గొట్టపు ఎలక్ట్రోడుతో తొలిచేస్తే, కోసే పళ్లు విడివిడి ముక్కలవుతాయి. వాటిని పట్టకారుతో ఏరేయవచ్చు. బోల్టయితే మరల అడుగు వ్యాసం కంటే కాస్త సన్నని ఎలక్ట్రోడుతో మధ్య భాగాన్ని తీసేసి, మిగిలిన పలుచని మరల చుట్టను లోపలికి మడిచి లాగుతారు. ఎక్కడా తిప్పే బలం ఉండదు కనుక రంధ్రపు మరలు చెక్కుచెదరవు. పెద్ద యంత్రాన్ని విప్పి తీసుకురాలేని చోటుకు మోసుకెళ్లే చిన్న నమూనాలూ ఉన్నాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పని నెమ్మది. ఎలక్ట్రోడు కూడా అరిగిపోతుంది కాబట్టి లోతును సరిచూసుకుంటూ ఉండాలి. రవ్వ తగిలిన తలం మీద కరిగి గడ్డకట్టిన పలుచని పెళుసు పొర మిగులుతుంది. కిరసనాయిలు వాడేచోట రవ్వ ద్రవంలో మునిగి ఉండకపోతే మంటలు లేవవచ్చు. అందుకే మామూలు బోల్టుకు నూనె, వేడి, ఎక్స్‌ట్రాక్టర్‌లే మొదటి మార్గం. భాగం ఖరీదైనదై, ఇరుక్కున్న లోహం డ్రిల్‌కు లొంగనప్పుడే స్పార్క్ ఎరోజన్‌ను ఆశ్రయిస్తారు. మిగతా సమయంలో ఇదే యంత్రం ప్లాస్టిక్ వస్తువుల అచ్చులనూ లోహపు డైలనూ తొలుస్తుంది. ఇప్పుడు దాని ప్రధాన వృత్తి అదే.