మీకు తెలుసా? పచ్చనివన్నీ రాగి కావు!

నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లో గ్రానైటు బండల మీద పిస్తా రంగు చారలు చూశారా? రాగి దొరికిందని సంబరపడకండి! అది చాలామటుకు ఎపిడోట్ అనే ఖనిజం. అందులో రాగే ఉండదు! ఇక ఆ బండల వయసంటారా? సుమారు 250 కోట్ల ఏళ్లు!

మరి అసలు రాగిరాయి ఏది? మలకైట్! స్వచ్ఛమైన మలకైట్ కిలో ఉంటే అందులో రాగి ఎంతో తెలుసా? దాదాపు 575 గ్రాములు! సగానికి పైగా లోహమే!

రెండింటినీ విడదీయాలంటే స్టీలు చాకు చాలు! మొనతో గీయండి. మలకైట్ మీద గాటు ఇట్టే పడుతుంది. గట్టిదనంలో 10కి దానికొచ్చేది 4 లోపే! ఎపిడోట్ మీద చాకు జారిపోతుంది. ఒక్కోసారి నల్లటి గీత కనిపిస్తుంది, జాగ్రత్త! అది రాయికి పడ్డ గాటు కాదు, చాకు అరిగి అంటుకున్న లోహం. తడి వేలితో రుద్ది చూడండి, గాటైతే పోదు!

ఇప్పుడు ఇంట్లో మిగిలిన తెల్ల టైలు తీసి తిప్పండి. గరుకుగా ఉండే వెనకవైపు రాయిని రుద్దండి. లేతాకుపచ్చ చార పడిందా? మలకైట్ కావచ్చు! ఎపిడోట్ చార తెల్లగానో బూడిదగానో ఉంటుంది. పైరంగు కన్నా ఈ చారనే నమ్మాలి!

చేత్తో ఎత్తి చూడండి. మలకైట్ నీటికన్నా దాదాపు 4 రెట్లు బరువు! గ్రానైటు 2.7 రెట్లే!

ఇక అసలు తమాషా! సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 చుక్క వేస్తే మలకైట్ బుసబుసా పొంగుతుంది! ఎపిడోట్ ఉలకదు, పలకదు! రాగి చెంబుకు పట్టిన పచ్చ చిలుము చింతపండుతో వదిలేదీ పులుపులోని ఆమ్లం వల్లే! ఈ పరీక్ష మాత్రం బడి ల్యాబులో, సారు ముందే చేయాలి.

ఈజిప్టువాళ్లు 5 వేల ఏళ్ల కిందటే మలకైట్ పొడిని కంటికి పూసుకున్నారు! మీరు మాత్రం ఆ పొడి పీల్చకండి, విషం!

మన దగ్గర రాగి ఖనిజమంటే ఖమ్మం వైపు మైలారం, కృష్ణ దాటితే పల్నాటి అగ్నిగుండాల. అగ్నిగుండాలలో దొరికే చాల్కోపైరైట్‌లో రాగి 34 శాతమే! అలాంటి ఖనిజం గాలికీ వానకీ మారితేనే పైన మలకైట్ పచ్చమరక తేలుతుంది!

గాటు, చార, నురగ మూడూ కుదిరాయా? రాయి దొరికిన ఊరూ గుట్టా చీటీ మీద రాసి, హైదరాబాద్‌లోని భారత భూవిజ్ఞాన సర్వే కార్యాలయంలో చూపించండి!