త్రేతాయుగపు తగువు... కైరుప్పల తీర్పు

ఉగాది మర్నాడు ఆ ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. ఆ తర్వాత ఒక్కటై పెళ్లి చేస్తుంది. యుగాల మధ్య యుద్ధాల కథలు వెండితెరను ఏలుతున్న ఈ రోజుల్లో కర్నూలు జిల్లా పడమటి పల్లె చెబుతున్న కథ ఇది.

ఎండ చల్లబడే వేళకు కైరుప్పలలో మిద్దెల మీద జాగా దొరకదు. ఆస్పరి మండలంలోని ఈ ఊరికి చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. కూలి పనుల కోసం సుగ్గికి వలస పోయిన కుటుంబాలు కూడా పండక్కి ఇల్లు చేరతాయి. గుడి దగ్గర ఇరువైపులా పిడకల కుప్పలు. పక్కనున్న కారుమంచి నుంచి పెద్దరెడ్డి వంశస్థుడు గుర్రమెక్కి మందీమార్బలంతో వస్తాడు. అది తరాల ఆనవాయితీ. ఆయన గుడిలో పూజ చేసి వెనుదిరగడమే తరువాయి, పిడకలు గాల్లోకి లేస్తాయి.

ఎండిన పిడక రాయిలా సూటిగా పోదు. గాల్లో గిరగిరా తిరుగుతూ పోయి వీపు మీదో భుజం మీదో పగిలి పొడవుతుంది. కాసేపటికి వీధంతా దుమ్ము కమ్మేసి ఎదుటి మనిషి ఆనవాలు దొరకదు. తలకు తువ్వాలు చుట్టుకున్న కుర్రాళ్లు వంగి ఏరుకుంటారు, లేచి విసురుతారు, మళ్లీ వంగుతారు. ఒక వర్గం వీరభద్రస్వామిది, రెండోది అమ్మవారిది. దెబ్బలు తగిలినవాళ్లు గుడికి వెళ్లి విభూతి పూసుకుంటారు. గాయాలు కాని ఏడాది ఉండదు. కుప్పలు అయిపోగానే పోరూ అయిపోతుంది.

తగువు ఎక్కడ మొదలైంది?

ఊరి పెద్దలు చెప్పే కథ త్రేతాయుగం నాటిది. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారు. పెళ్లి మాట వచ్చేసరికి స్వామి జాప్యం చేశాడు. అమ్మవారి వైపు వాళ్లకు అది అవమానమనిపించింది. మా ఆడపడుచును ఏడిపించినవాణ్ని పిడకలతో కొట్టాలని కాచుకున్నారు. అటు వెళ్లొద్దని తనవాళ్లు చెప్పినా స్వామి వినలేదు. వెళ్లాడు, దెబ్బలు తిన్నాడు. అది తెలిసి స్వామి వర్గం కూడా పిడకలు అందుకుంది. చివరికి పెద్దలు కలగజేసుకుని, తప్పొప్పులు తేల్చి, ఇద్దరికీ పెళ్లి కుదిర్చారు.

అందుకే కైరుప్పలలో పోరుతో పండగ పూర్తి కాదు. స్వామికీ అమ్మవారికీ కల్యాణం జరగాలి. దుమ్ములో ఒకరినొకరు కొట్టుకున్న ఇరు వర్గాలూ ఆ పెళ్లికి ఒకే ఊరిగా కూర్చోవాలి. టీవీ కెమెరాలకు పిడకలు దొరికినంత సులువుగా ఈ పెళ్లి దొరకదు. నా దృష్టిలో మాత్రం పండగకు ఆయువుపట్టు ఇదే.

కాలయంత్రాలు మోసుకొచ్చిన బరువు

కైరుప్పల త్రేతాయుగాన్ని ఇవాళ్టికి తెచ్చినట్టే తెరమీది కథలూ యుగాలు దాటుతాయి. ఈ ప్రయాణం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కించి మనల్ని కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి 2504లోకి దూకించారు. అణుధార్మికత నిండిన నేల మీద బతకలేక మనుషులు భూగర్భంలో తలదాచుకున్న కాలమది. రాయల సభ వైభవం చూసి మురిసిన కళ్లకు ఆ దృశ్యం ఒక హెచ్చరిక. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' కురుక్షేత్రం చివరి ఘట్టంతో మొదలవుతుంది. కృష్ణుడి శాపం పడ్డ అశ్వత్థామ వేల ఏళ్లు ఆ శాపాన్ని మోస్తూనే ఉంటాడు. బ్రిటన్‌లో 1963లో మొదలైన 'డాక్టర్ హూ' టీవీ ధారావాహిక 2005లో మళ్లీ ప్రాణం పోసుకుంది. కాలంలో ప్రయాణించగల రెండు జాతుల మహాయుద్ధం అప్పటికే ముగిసిపోయిందని చెబుతూ, దాన్నుంచి మిగిలిన ఒక్కడి బాధతో కథ నడిపారు.

యుగాలు దాటే కథల్లో బలమైనవి తేల్చుకునే ప్రశ్న ఒక్కటే: యుద్ధం అయ్యాక మిగిలినవాళ్లు ఎలా బతకాలి? మహాభారతం కూడా దుర్యోధనుడి తొడ విరగడంతో ఆగలేదు. స్త్రీపర్వంలో ఏడ్చింది, శాంతిపర్వంలో రాజ్యం ఎలా ఏలాలో నేర్పింది.

ఈ నేలకు యుద్ధం తెలుసు

కైరుప్పల కథను కాలక్షేపంగా కొట్టిపారేయడానికి లేదు. ఈ ప్రాంతం నిజమైన యుద్ధాలు చూసింది. 1565లో రక్కసి తంగడి పోరులో విజయనగరం కూలాక, మూడేళ్లకే ఈ ప్రాంతంలోని ఆదోని కోట బీజాపూర్ సుల్తానుల చేతిలోకి పోయింది. తర్వాత మొగలులు వచ్చారు. 1786లో టిప్పు సుల్తాన్ కోటను ముట్టడించి పట్టుకుని బురుజులు కూల్పించాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తం చేశాడు. రాజులు మారిన ప్రతిసారీ రైతు పొలమే బీడుపడింది. ఆ యుద్ధాల్లో ఏ ఒక్కటీ ఇరు పక్షాలు పీటల మీద కూర్చోవడంతో ముగియలేదు.

అదే పడమటి సీమలో, హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద దసరా రాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. మణి, మల్లాసురులనే రాక్షసులను శివుడు సంహరించిన కథకు గుర్తుగా, మాళమల్లేశ్వరుల ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు దివిటీల వెలుగులో కర్రలతో తలపడతాయి. తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. తెల్లవారాక బసవన్న గుడి దగ్గర పూజారి కారణికం చెబుతాడు. రాబోయే ఏడు వానలెలా ఉంటాయో, పంటలేమవుతాయో, ధరలెలా పలుకుతాయో వినడానికి నెత్తుటి గాయాలతోనే జనం చెవులొగ్గి నిలబడతారు. పాత యుగపు పోరు ముగిసీ ముగియగానే వాళ్లకు కావలసింది రేపటి వాన కబురు. ఆ కబురు వినడానికి ఒక్క తల కూడా పగలనక్కర్లేదు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు పక్కన పెట్టినా దేవుడికి వచ్చే లోటేమీ లేదని గట్టిగా చెప్పాల్సిన సమయమిది.

పెళ్లి కూడా చూడాలి

కైరుప్పల పూర్వీకులు పోరుకు హద్దు గీయడంలో ఎంతో ముందుచూపు చూపారనిపిస్తుంది. కోపం తీర్చుకోవడానికి విసరగానే పొడైపోయే ఆయుధాన్ని ఎంచుకున్నారు. పోరుకు మొదలునూ ముగింపునూ ఆచారంతో కట్టేశారు. అన్నిటికంటే ముఖ్యంగా, రాజీని కథలోనే భాగం చేశారు. మాటిచ్చి జాప్యం చేసినవాడు దేవుడైనా సరే జవాబు చెప్పాలన్నారు. జవాబు చెప్పాక పగ మిగలకూడదన్నారు. ఆడపిల్లకు జరిగిన అవమానాన్ని ఊరంతా తన అవమానంగా తీసుకోవడం, దాన్ని న్యాయంగా సరిదిద్దాకే పందిరి వేయడం ఏ కాలానికైనా పనికొచ్చే నీతి.

అంతరిక్ష నౌకలు, కాలయంత్రాలతో రేపటి యుద్ధాలు ఊహించే మన రచయితలు, దర్శకులు ఒకసారి ఆస్పరి వైపు రావాలి. యుద్ధాన్ని ఎలా మొదలుపెట్టాలో చెప్పే కథలు లోకంలో కొల్లలు. ఎలా ముగించాలో ఏటేటా చేసి చూపించే ఊళ్లు తక్కువ. వచ్చే ఉగాదికి కైరుప్పల వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పిడకలు ఆగగానే బస్సెక్కేయకండి. కల్యాణం చూసి, తలంబ్రాలు నెత్తిన వేసుకునే రండి.