కాందిశీక శిబిరం నుంచి క్రీడాంగణానికి

‘కాందిశీకుడు’ అనే పదం ‘కాం దిశం’ అనే సంస్కృత పదాల నుంచి పుట్టింది. ‘ఏ దిక్కుకు?’ అని దాని అర్థం. ప్రాణభీతితో ఇల్లు విడిచి, ఎటు పోవాలో తోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. అతనినే నేడు శరణార్థి అని కూడా అంటున్నాం.

శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దుకు చేరువనున్న డొంకూరు మొదలైన ఉద్దానం తీరగ్రామాలకు వలస కొత్త కాదు. బ్రతుకుతెరువుకై దూరదేశం పోయినవాడు పండుగకో పెళ్లికో తిరిగి రాగలడు. కాందిశీకునికి ఆ దారి మూసుకొనిపోతుంది. ఒక్కొక్కప్పుడు వలస వెళ్లినవారే కాందిశీకులవుతారు. ఉత్తరాంధ్ర నుంచి బర్మాకు కూలికై వెళ్లిన తెలుగువారి చరిత్ర ఇదే. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. 1942లో వేలాదిమంది కొండలు, అడవులు దాటి కాలినడకన భారతదేశానికి బయలుదేరారు. ఎందరో దారిలోనే కన్నుమూశారు. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అనే పేరు ఆనాటి బర్మా సంబంధాన్ని నేటికీ గుర్తుచేస్తుంది.

ఇటువంటి కష్టమే పశ్చిమాఫ్రికాలోని లైబీరియా ప్రజలకు కలిగింది. 1989 నుంచి 2003 వరకు ఆ దేశాన్ని రెండు అంతర్యుద్ధాలు పీడించాయి. ప్రాణాలు దక్కించుకోవడానికి ఒక జంట ఘనాకు పారిపోయి, ఆక్రా నగర సమీపంలోని బుడుబురం శిబిరంలో తలదాచుకొంది. 2000 నవంబరు 2న అక్కడ వారికి జన్మించిన బాలుడే అల్ఫోన్సో డేవిస్.

అతనికి ఐదేళ్ల వయసులో కెనడా దేశం ఆ కుటుంబానికి ఆశ్రయమిచ్చింది. కొంతకాలానికి వారు ఎడ్మంటన్ నగరంలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులు పనులకు వెళ్లినప్పుడు చిన్నవారైన తమ్ముణ్ణి, చెల్లెలిని చూసుకొనే బాధ్యత డేవిస్‌పై పడేది. బంతి ఆటలో అతడు మెరుపువేగం చూపేవాడు. కాని క్లబ్బులకు రుసుము కట్టాలి, బూట్లు కొనాలి, మైదానానికి వెళ్లడానికి వాహనం కావాలి. ఆ నగరంలో పేద పిల్లల కోసం బడి వేళల తరువాత ‘ఫ్రీ ఫుటీ’ అనే ఉచిత పోటీలు జరిగేవి. రుసుము లేదు, బూట్లు, ప్రయాణ సౌకర్యం నిర్వాహకులే సమకూర్చేవారు. డేవిస్ ప్రతిభ లోకానికి తెలిసింది అక్కడే.

2015లో అతడు వాంకూవర్ వైట్‌క్యాప్స్ శిక్షణాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరం, పదహారేళ్లు నిండకముందే, ఉత్తర అమెరికాలోని ప్రధాన లీగ్‌లో ఆడాడు. అయినా కెనడా జట్టులో ఆడాలంటే పౌరసత్వం ఉండాలి. అది 2017 జూన్ 6న లభించింది. సరిగ్గా వారానికి, జూన్ 13న, అతడు జాతీయ జట్టు దుస్తులు ధరించాడు. ఒక్క కాగితం ఒక మనిషికి దేశాన్ని ఇవ్వగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

2019 జనవరిలో అతడు జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ క్లబ్బులో చేరాడు. అంతవరకు దాడి చేసే ఆటగాడైన అతనిని, జట్టులో గాయాలపాలైనవారు ఎక్కువ కావడంతో, ఎడమవైపు రక్షణ స్థానంలో నిలిపారు. అతడు ఆ పని నేర్చుకొని అందులోనే పేరు తెచ్చుకొన్నాడు. 2020 ఆగస్టులో బయర్న్ యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అతనిని సద్భావనా రాయబారిగా నియమించింది. ఆ గౌరవం పొందిన తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడు అతడే.

కెనడా పురుషుల జట్టు 1986 ప్రపంచ కప్పులో ఒక్క గోలైనా చేయలేకపోయింది. తరువాత 2022లో ఖతర్‌లో మాత్రమే మళ్లీ అవకాశం దొరికింది. నవంబరు 23న బెల్జియంపై దొరికిన పెనాల్టీని డేవిస్ గోలుగా మలచలేకపోయాడు, జట్టు ఓడిపోయింది. నాలుగు రోజుల తరువాత క్రొయేషియాపై ఆట మొదలైన రెండవ నిమిషంలోనే అతడు తలతో బంతిని గోలులోకి పంపాడు. ప్రపంచ కప్పులో కెనడా పురుషుల తొలి గోలు అది. 4–1 తేడాతో ఆ ఆటలోనూ కెనడా ఓడినా, ఆ గోలు చరిత్రలో నిలిచింది.

ఆనాడు ఎదుటి జట్టు నాయకుడు లూకా మోడ్రిచ్. 1991లో యుద్ధంలో తాతను కోల్పోయి, ఇల్లు విడిచి, జాదర్ పట్టణంలోని హోటళ్లలో కాందిశీకునిగా బాల్యం గడిపినవాడతడు. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగానికిచ్చే బాలన్ డి’ఓర్ పురస్కారం అందుకొన్నాడు. ఒకప్పుడు నిలువ నీడలేని ఇద్దరు బాలురు ఆనాడు రెండు దేశాల పతాకాలకు ప్రతినిధులై తలపడ్డారు.

వారి ప్రతిభ, పట్టుదల అసామాన్యమైనవి. అయితే శిబిరాలలోని పిల్లలందరూ మహాక్రీడాకారులు కానక్కరలేదు. ఆశ్రయం పొందడానికి ప్రతిభ అర్హత కాదు. మనిషి కావడమే చాలు. ఆశ్రయమిచ్చిన దేశం, ఉచితంగా బూట్లు ఇచ్చిన మైదానం, పౌరునిగా గుర్తించిన చట్టం డేవిస్‌కు దారి చూపాయి. ‘ఏ దిక్కుకు?’ అని అడిగేవానికి ‘ఇటు రా’ అని చెప్పగల సమాజమే నాగరిక సమాజం.